ఒక కాలువ, రెండు రాష్ట్రాలు

(పెన్షనర్ల దినం సందర్భంగా సూర్యాపేటలో జరిగిన సభలో, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ లాంటి రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన నౌకరీకి దక్కవలసిన హక్కు అని ఆనాడు తేలింది. దాని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇందాకనే మాట్లాడారు. డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు ఎట్లాగూ చెబుతారు. నాకు మటుకు "ఇరుగుపొరుగు రాష్ట్రాల స్నేహము, సహకారము" అని ఒక బరువైన అంశం అప్పజెప్పారు. ఇది ఢిల్లీలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు మాట్లాడవలసిన విషయం. నేను 1976లో సూపర్‌వైజరుగా చేరి, 2010లో డిప్యూటీ ఇంజనీరుగా దిగిపోయినవాణ్ణి. మధ్యలో తెలిసిందంతా ఒక్క కాలువే. కనుక ఆ కాలువ గట్టు మీద నుంచి కనబడినంత వరకే చెబుతాను.

సాగర్ ఎడమ కాలువ సంగతి ఇక్కడ కూర్చున్నవాళ్ళకు చెప్పవలసిన పనిలేదు. మిర్యాలగూడలో రైసుమిల్లులు వెలిసినా, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు పచ్చబడినా ఆ నీళ్ళ చలవే. కాని పిల్లలు వచ్చారు గనుక నాలుగు ముక్కలు చెబుతాను. ఆ డ్యాం ఒక ప్రభుత్వం కట్టాలనుకున్నది కాదు. ఇద్దరు ఇరుగుపొరుగువారు కలిసి అనుకున్నది. ఎడమ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రానిది, కుడి ఒడ్డు మద్రాసు రాష్ట్రానిది. 1953 అక్టోబరు 1 తరువాత ఆ కుడి ఒడ్డు ఆంధ్ర రాష్ట్రానిది అయింది. అంతకుముందు మద్రాసువారు కృష్ణా నీటిని పెన్నకు, అక్కడి నుంచి దక్షిణానికి తీసుకుపోయే పథకం ఒకటి తలపెట్టి ఉన్నారు. అది జరిగితే నందికొండ దగ్గర డ్యాం ఉండేది కాదు. అప్పుడు ముక్త్యాల రాజాగారు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు పట్టుబట్టారు. ఖోస్లా కమిటీ వస్తే జీపులు నందికొండ దాకా పోవడానికి అడవిలో బాట వేయించారని మా పెద్ద ఇంజనీర్లు చెప్పుకొనేవారు. 1952లో ఆ కమిటీ నందికొండే తగిన చోటని చెప్పింది. ముక్త్యాల సరిహద్దు అవతలి ఊరు. మన హుజూర్‌నగర్, మేళ్లచెర్వు వైపు పారే బ్రాంచి కాలువను ఇప్పటికీ ముక్త్యాల బ్రాంచి అనే పిలుస్తాము. ఈ పొలాలకు నీళ్ళు తెచ్చే కాలువకు ఆ ఊరి పేరు ఉండటం ఎవరికీ వింతగా తోచదు.

ఇట్లా రెండు రాష్ట్రాలు కలిసి కృష్ణా నీళ్ళకు ఆనకట్ట తలపెట్టడం అదే మొదలు కాదు. తుంగభద్ర డ్యాం హైదరాబాదు నిజాము ప్రభుత్వం, మద్రాసు ప్రభుత్వం కలిసి మొదలుపెట్టినదే. 1945 ఫిబ్రవరి 28న దానికి రెండు ఒడ్డుల మీద రెండు శంకుస్థాపనలు జరిగాయి. ఎడమ ఒడ్డున బేరార్ యువరాజు, కుడి ఒడ్డున మద్రాసు గవర్నరు. ఎవరి మర్యాద వారిది! పదేళ్ళ తరువాత, 1955 డిసెంబరు 10న, నందికొండ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ గారు ఒక్కటే రాయి వేశారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పుట్టలేదు. హైదరాబాదు రాష్ట్రానికి బూర్గుల రామకృష్ణారావు గారు, ఆంధ్ర రాష్ట్రానికి బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రులు. ఇద్దరి పెద్దరికం వేరువేరు, ఖజానాలు వేరువేరు. ఆ పునాదిరాయి పడిన 11 నెలలకు, 1956 నవంబరు 1న, రెండూ ఒక్క రాష్ట్రమయ్యాయి. రాష్ట్రం ఒక్కటైనందుకు డ్యాం కట్టలేదు, డ్యాం మొదలైన తరువాతే రాష్ట్రం ఒక్కటయింది. ఈ వరుస మనం మరచిపోతుంటాము.

చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ గారు హైదరాబాదు సర్వీసు మనిషి. డిజైన్లలో చేయి ఉన్న కె.ఎల్. రావు గారు కృష్ణా జిల్లా కంకిపాడు వారు. కూలీలు రెండు ఒడ్డుల నుంచీ, పాలమూరు నుంచీ వచ్చారు. రాయి మీద రాయి పేర్చి, 124 మీటర్ల ఎత్తు కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు. రెండూ తలా 11,000 క్యూసెక్కులు పారేటట్లు తవ్వినవి. లెక్క సులువుగా గుర్తుండాలంటే, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే మన కాలువ నిండుగా పారినా రోజుకు ఒక టీఎంసీకి కొంచెం తక్కువే. బచావత్ ట్రిబ్యునల్ ఎడమ కాలువకు 132, కుడి కాలువకు 132 టీఎంసీలు లెక్కగట్టింది. ఎడమ కాలువ కింద సుమారు 10 లక్షల ఎకరాలు. మొదటి జోన్ నల్లగొండ, రెండో జోన్ ఖమ్మం, మూడో జోన్ కృష్ణా జిల్లా వైపు. ఈనాటి లెక్కలో ఆరు లక్షల ఎకరాలకు పైన తెలంగాణలో, నాలుగు లక్షల లోపు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి.

నేను చెప్పదలచిన ముచ్చట ఇక్కడ మొదలవుతుంది. 1987లో దేశమంతటా కరువు వచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సాగర్‌లో నీళ్ళు లేవు. కాలువకు ఇన్ని రోజులు వదలడం, ఇన్ని రోజులు కట్టడం అని ఆన్ అండ్ ఆఫ్ పద్ధతి పెట్టారు. నేను అప్పుడు కోదాడ వైపు ఒక బ్రాంచి కాలువకు చివరి సెక్షన్ ఆఫీసరుని. నా సెక్షన్ అయిపోగానే కృష్ణా జిల్లా మొదలు. ఆనాటికి అది వట్టి జిల్లా సరిహద్దే. అక్కడ ఒక చిన్న రెగ్యులేటరు, పక్కన గేజి రాయి, ఒక రేకుల షెడ్డు ఉండేవి. అవతలి సెక్షన్‌కు నా ఈడువాడే ఒకాయన ఆఫీసరు. నన్ను గురూగారూ అనేవాడు. నేను మొదట్లో ఏమండీ అనేవాణ్ణి, తరువాత తరువాత బావగారూ అయిపోయింది. ఆయన పేరు చెప్పను, చెబితే నన్ను కోప్పడతాడు. ఇవాళ పొద్దున కూడా ఫోన్ చేశాడు.

మా ఇద్దరి మధ్య ఒప్పందం ఒక్కటే. ఆన్ ఉన్న రోజుల్లో ఆ గేజి దగ్గర 2.4 అడుగులు తగ్గకుండా నీళ్ళు దిగువకు పోవాలి. దానిపైన ఎన్ని మిగిలితే అన్ని నేను నా తూములకు పెట్టుకోవచ్చు. పై ఆఫీసర్లు కాగితం మీద రాసిచ్చారు, ఇద్దరం సంతకాలు పెట్టాము.

ఒక రాత్రి, పది దాటిన తరువాత, మా వైపు రైతులు నలభై మంది దాకా షెడ్డుకు వచ్చారు. చేతిలో కట్టెలు ఉన్నాయి గాని ఎత్తలేదు. ఎత్తవలసిన పనిలేకపోయింది. ఒక ముసలాయన నా ముందు నేల మీద కూర్చుని, "సారూ, రెండు రాత్రులు ఆ షట్టరు ఇంత లేపు. మా నోట్ల మన్ను గొట్టకు" అన్నాడు. ఆయన నాకు తెలిసినవాడు. ఆయన కొడుకు నా దగ్గర లస్కరుగా పనిచేసేవాడు. నేను లేపుతానని అనలేదు, లేపనని అనలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, జ్వరంగా ఉందని చెప్పి లోపలికి పోయి పడుకున్నాను. షట్టరు హ్యాండిల్ తిరిగే చప్పుడు విన్నాను. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

తెల్లవారి గేజి చూస్తే 1.9. రిజిస్టరులో 2.4 అని రాశాను.

ఏడు గంటలకు ఆయన లూనా మీద వచ్చాడు. రిజిస్టరు చూశాడు. ఆ తరువాత రాయి దగ్గరకు దిగి చూశాడు. మీలో కాలువ పని చేసినవారికి తెలుసు, నీళ్ళు దిగిపోతే రాయి మీద తడి గీత కొంచెం సేపు నిలుస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి దిగిందో అదే చెబుతుంది. ఆయన గొడవ చేయలేదు. పై ఆఫీసరుకు వైర్‌లెస్ సెట్టు మీద చెప్పలేదు. నా సంతకం కింద తన సంతకం పెట్టి, "గురూగారూ, మీ లెక్క ఇవాళ నా లెక్క కూడా అయింది. నా రైతులకు ఏం చెప్పమంటారో మీరే చెప్పండి" అని బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను కూర్చోనీయలేదు. పదకొండేళ్ళ నౌకరీలో నేను నా సెక్షన్ దాటి దిగువకు ఎన్నడూ పోలేదు. పోవలసిన పని ఏముంది? ఆ మధ్యాహ్నం బస్సు ఎక్కి, దిగి, మైలున్నర నడిచి కాలువ చివరికి పోయాను. వరి పొట్ట మీద ఉంది. నేల నెర్రెలు బారింది. ఆ దశలో వారం రోజులు తడి లేకపోతే కంకి తెల్లబడిపోతుందని వ్యవసాయం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. గట్టు మీద ఒక పెద్దావిడ కుండలోంచి మజ్జిగ పోసి ఇచ్చింది. ఏ ఊరయ్యా అని అడిగింది, కోదాడ అన్నాను. "ఎగువవాళ్ళు ఎప్పుడొదులుతారంట బాబూ?" అన్నది. నేనే ఆ ఎగువవాణ్ణి. ఆమెకు తెలియదు. ఆ మజ్జిగ గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

ఆ రాత్రి షట్టరు నేనే దించి, తాళం వేసి, దాని మీదే కూర్చున్నాను. మా రైతులు తిట్టిన తిట్లు ఇక్కడ ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు గనుక చెప్పను. ఆ ముసలాయన ఏమీ అనలేదు. తరువాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున రిజిస్టరులో 2.4 ను ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన 1.9 అని రాసి పొట్టి సంతకం చేశాను. కొట్టివేసిన అంకె కూడా కనబడుతూనే ఉండాలని మన ఆఫీసు రూలు గదా, రుద్దకూడదు, బ్లేడుతో గీకకూడదు. దానికి నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, ఒక ఇంక్రిమెంటు ఆగింది. తప్పు నాది, అందుకు నేను ఎవరినీ అనను. దిగువకు రావలసిన రెండు రోజుల నీళ్ళు తరువాతి తడిలో మా వాటా తగ్గించుకుని ఇచ్చాము. అవతల కొంత పంట అప్పటికే పోయింది.

ఆనాటి నుంచి మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఇద్దరం కలిసి గేజి చూడాలి. ఒక పూట నేను చదివితే ఆయన రాయాలి, ఇంకో పూట ఆయన చదివితే నేను రాయాలి. చదివినవాడు రాయకూడదు. అంతే. ఆ సీజనంతా మళ్ళీ ఒక్క కట్టె లేవలేదు. చివరికి రైతులు కూడా రెండు వైపుల నుంచి ఇద్దరిద్దరు వచ్చి మా వెనక నిలబడేవారు. రాయి మీద అంకె వాళ్ళ కళ్ళ ముందే ఉంది, ఇంకేం తగాదా పడతారు?

2014 జూన్ 2న ఆ జిల్లా సరిహద్దు రాష్ట్ర సరిహద్దు అయింది. తెలంగాణ రావాలని కోరుకున్నవాళ్ళలో నేను ఒకణ్ణి. అవతలి నా మిత్రుడు వద్దనుకున్నవాడు. ఆ నాలుగైదేళ్ళు ఫోన్‌లో మేము రాజకీయం మాట్లాడలేదు, పంటలు, మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకున్నాము. విడిపోయినప్పుడు మన పెన్షన్ల సంగతి చట్టంలో ఎట్లా రాశారో మీకు తెలుసు. 2014కు ముందే రిటైరైన మనవంటివారి పెన్షన్ మన ట్రెజరీయే చెల్లించాలి, కాని మొత్తం భారాన్ని జనాభా నిష్పత్తిన, 58.32, 41.68 చొప్పున రెండు రాష్ట్రాలూ సర్దుకోవాలని ఎనిమిదో షెడ్యూలు చెబుతున్నది. ఆ లెక్కన నేను ప్రతి నెలా తినే పప్పులో అవతలివారి పాలు సగానికి పైన. ఆయన తినే పప్పులో నా రాష్ట్రపు పాలు ఉంది. దీని మీద మా ఇద్దరి మధ్య చాలా హాస్యాలు నడుస్తాయి.

నీళ్ళ విషయంలో అంత సాఫీగా జరగలేదు. 2015 ఫిబ్రవరి 13న సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు, ఇంజనీర్లు తోపులాడుకునే దాకా వచ్చింది. మరునాడు గవర్నరు గారి దగ్గర ముఖ్యమంత్రులు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో, ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 811 టీఎంసీలలో 299 తెలంగాణకు, 512 ఆంధ్రకు అని ఒక ఏడాదికి తాత్కాలికంగా ఒప్పుకున్నారు. ఆ ఒక ఏడాది ఎన్నేళ్ళు సాగిందో పేపరు చదివేవారికి తెలుసు. మనకు ఇంకా ఎక్కువ రావాలని మన రాష్ట్రం వాదన. 2023 అక్టోబరులో ఆ వాదన ట్రిబ్యునల్ ముందుకు చేరింది. ఎవరికి ఎంతన్నది నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. అది జడ్జీల పని. వాటా ఎంత అని తేలినా, ఆ వాటా పారుతున్నదా లేదా అని చూసే రాయి ఒకటి కావాలి గదా, నా గొడవంతా దాని గురించే.

2023 నవంబరు 30 మన దగ్గర అసెంబ్లీ ఎన్నికల రోజు. ఆ ముందు రాత్రి ఆంధ్ర పోలీసులు డ్యాం మీదికి వచ్చి, 26 గేట్లలో 13 గేట్ల వరకు తమవని ముళ్ళకంచె వేసి, కుడి కాలువకు నీళ్ళు వదిలారు. తరువాత కేంద్రం కలగజేసుకుని డ్యాంను సి.ఆర్.పి.ఎఫ్. కాపలాలో పెట్టింది. నేను పొద్దున్నే ఓటు వేసి వచ్చి టీవీ పెట్టాను. నా చిన్నతనంలో మా నాయన ఎడ్లబండి మీద తీసుకుపోయి చూపించిన డ్యాం అది. ఆ డ్యాం మీద ముళ్ళకంచె చూసి కొంచెంసేపు మాట రాలేదు. ఇంతలో ఫోన్ మోగింది. "గురూగారూ, మనిద్దర్నీ ఒక రేకుల షెడ్డు వేసి అక్కడ కూర్చోబెడితే చాలదుటండీ? ఇంతమంది పోలీసులెందుకు?" అన్నాడు. నవ్వాను గాని, ఆయన గొంతులో నవ్వు లేదు.

పొరుగు దేశాల సంగతి ఒకటి చెప్పి మళ్ళీ మన దగ్గరికి వస్తాను. యూరపులో స్పెయిన్, పోర్చుగల్ అని పక్కపక్క దేశాలు. మధ్యధరా సముద్రం ద్వారం దగ్గర ఉంటాయి. ఐదు నదులు స్పెయిన్ నుంచి పోర్చుగల్‌కు పారుతాయి, కొన్నిచోట్ల అవే సరిహద్దు. రెండు దేశాల్లోనూ నియంతలు ఉన్న కాలంలో, 1964లో, 1968లో ఒప్పందాలు చేసుకున్నారు. అవి ముఖ్యంగా కరెంటు కోసం నదిని ఎవరు ఎక్కడ వాడుకోవాలన్నవి. 1974లో పోర్చుగల్, ఆ వెంటనే స్పెయిన్ నియంతృత్వం వదిలించుకున్నాయి. రెండు ప్రజాస్వామ్యాలూ కలిసి 1998 నవంబరు 30న అల్బుఫెయిరా అనే ఊళ్ళో కొత్త ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నవంబరు 30 అంటే మన ముళ్ళకంచె తేదీయే, ఇది కాకతాళీయం. ఆ ఒప్పందంలో ఏడాదికి ఇంత నీరు సరిహద్దు దాటాలని రాశారు. పదేళ్ళలో దిగువవారికి ఒక సంగతి తెలిసింది. ఏడాది మొత్తం మీద లెక్క సరిపోయినా, కావలసిన నెలలో రాకపోతే ఏం లాభం? అందుకని 2008లో దాన్ని సవరించి, మూడు నెలలకు ఇంత, వారానికి ఇంత అని కూడా రాసుకున్నారు. మరీ వాన లేని ఏడాదికి వేరే నియమం ఉంది. ఇప్పటికీ కరువు వస్తే అక్కడా రైతులు రోడ్డెక్కుతారు, దేవతలు ఎవరూ కారు. అయితే వారానికి ఇంత అన్న మాట చదివినప్పుడు మాత్రం నాకు ఆ పెద్దావిడ మజ్జిగ గుర్తుకు వచ్చింది. మన దగ్గర పేపర్లలో ఎప్పుడూ ఏడాదికి ఎన్ని టీఎంసీలు అనే మాట్లాడుతారు. వరికి టీఎంసీలు తెలియవు, దానికి తెలిసింది వారమే.

మన సరిహద్దు ఎట్లా ఉండేదో పిల్లలకు తెలియాలని ఇంకొక్క మాట. ఇక్కడి నుంచి కోదాడ పోయే దారిలో మునగాల ఉంది. నిజాము రాజ్యం నడిమిలో అది ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చెందిన దీవి లాంటిది. దాని రాజా నాయని వెంకట రంగారావు గారు. నడిగూడెంలో ఆయన కోట ఇంకా ఉంది. ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు. సరిహద్దుకు అవతలి అధికారంలో ఉన్న ఈ మనుషులే పూనుకుని, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టించారు. తెలంగాణలో తెలుగు చదువుకు అది ఎంత ఆసరా అయిందో ఇక్కడి రిటైర్డు టీచర్లకు నేను చెప్పనక్కరలేదు. 1948లో రజాకార్ల భయానికి మా నాయనమ్మ పిల్లలను తీసుకుని జగ్గయ్యపేట పోయి ఏడు నెలలు ఉన్నది. ఒక ఇంట్లో పశువుల కొట్టం ఖాళీ చేసి ఇచ్చారట. వాళ్ళు మాకు చుట్టాలు కారు, కులం వాళ్ళు కూడా కారు. 2021 మే నెలలో కరోనాతో ఊపిరాడని మనుషులను తెస్తున్న అంబులెన్సులను ఇదే రోడ్డు మీద రాష్ట్ర సరిహద్దులో ఆపినప్పుడు నాకు ఆ కొట్టం గుర్తుకు వచ్చింది. హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వును ఆపింది, అంతవరకు నయం.

మిర్యాలగూడ మిత్రులు అవతలి వడ్ల లారీల సంగతి మాట్లాడమని చీటీ పంపారు. సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ 2024 వానాకాలం నుంచి మన ప్రభుత్వం ఇస్తున్నది గనుక, అవతలి వడ్లు కలిసిపోతాయని చెక్‌పోస్టులు పెట్టారు. మన రైతుల బోనస్ మన రైతులకే పోవాలి, అందులో తప్పు లేదు. మిల్లుకు వడ్లు రావాలి, అదీ నిజమే. ఇది నాకు తెలిసిన లెక్క కాదు, వదిలేస్తున్నాను.

ఇక అసలు సంగతి. 2024 సెప్టెంబరు మొదటి తారీఖు వానకు మన కాలువకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర గండి పడింది. ఆ గండి పూడే దాకా దిగువ ఆయకట్టు అంతా, ఈ రాష్ట్రందీ ఆ రాష్ట్రందీ, ఎదురుచూసింది. గండికి సరిహద్దు తెలియదు. 2025 జూలై 16న ఢిల్లీలో కేంద్రమంత్రి సమక్షంలో ఇద్దరు ముఖ్యమంత్రులూ కూర్చున్నప్పుడు, కృష్ణా ప్రాజెక్టుల కాలువలన్నింటికీ నీళ్ళు మళ్ళే చోట్ల టెలిమెట్రీ యంత్రాలు పెట్టడానికి ఒప్పుకున్నారు. అంటే గేజి తనంతట తాను చదివి అంకె పంపుతుంది. మంచిదే. నా వంటివాడు దుప్పటి కప్పుకుని పడుకున్నా యంత్రం పడుకోదు.

కాని నాకు ఒక అనుమానం ఉంది, ఇంజనీర్లు ఇక్కడ ఉన్నారు గనుక చెబుతున్నాను. ఆ అంకె హైదరాబాదు, విజయవాడ ఆఫీసుల్లో మాత్రమే కనబడితే, రెపు ఆ యంత్రం మీదే తగాదా వస్తుంది. మీ యంత్రం తప్పు అంటే మీ యంత్రం తప్పు అంటారు. ఆ అంకె కాలువ గట్టు మీద, పెద్ద అక్షరాలతో, రెండు వైపుల రైతులకు కనబడేటట్లు ఉండాలి. పక్కనే పాత గేజి రాయి కూడా ఉండాలి, సరిచూసుకోవడానికి. ఈ మాటే ఒక అర్జీగా రాశాను. బోర్డుకు పంపాలని అనుకుంటున్నాను. మన సంఘం తరఫున ఒక్కటే పోతే మన వాదనగా కనబడుతుంది. అవతలి పెన్షనర్లు కూడా సంతకాలు చేస్తే ఎవరి వాదనా కాదు. నా మిత్రుడు అటువైపు సంతకాలు తెస్తానన్నాడు. ఇప్పటికి ఆయనకు పదకొండు వచ్చాయి, నాకు ఏడు. ఇందులో కూడా ఆయనదే పైచేయి, అందువల్ల మీరు నా పరువు కాపాడాలి.

సంక్రాంతి వెళ్ళిన తరువాత మొదటి ఆదివారం, ఇరువైపుల వాళ్ళమూ ఆ రేకుల షెడ్డు ఉండిన చోట కలవాలని అనుకున్నాము. యాసంగికి అప్పుడు కాలువలో నీళ్ళు ఉంటాయి. మనవాళ్ళు పొద్దున 8 గంటలకు కోదాడ బస్టాండు దగ్గరకు రావాలి. సూర్యాపేట, మిర్యాలగూడ వాళ్ళు ముందే పేర్లు ఇస్తే జీపు మాట్లాడవచ్చు. ఎవరి టిఫిను డబ్బా వారు తెచ్చుకోవాలి, పప్పుచారు మాత్రం అవతలివారు తెస్తామన్నారు. మోకాళ్ళు నొప్పులున్నవారికి గట్టు దాకా ఆటో పోతుంది. నా డైరీలో 1987 నాటి ఆ రిజిస్టరు పేజీని చేత్తో ఎత్తి రాసుకున్నది ఉంది, కొట్టివేతతో సహా. అది తెస్తాను. పేర్లు ఇవ్వదలచినవారు భోజనాలకు ముందే కార్యదర్శిగారి దగ్గర రాయించగలరు.